లోతున ఉన్న గడ్డకు డిశ్చార్జి రోజు లెక్క చాలదు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రులకు బహిరంగ లేఖ



మెదడును చుట్టి ఉండే పొరల్లో పుట్టే మెనింజియోమా గడ్డల గురించి, వాటిలోనూ పుర్రె అడుగున, మెదడు కింద దాగి పెరిగే వాటి చికిత్స గురించి మీకు రాస్తున్నాను. పెద్దవాళ్ల తలలో పుట్టే గడ్డల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేవి ఇవే. మగవాళ్లతో పోలిస్తే ఆడవాళ్లలో దాదాపు రెండింతలు. సుమారు 80 శాతం క్యాన్సర్ కానివి. ఒంట్లో మరోచోటికి పాకవు, ఏళ్ల తరబడి నిదానంగా పెరుగుతాయి. వీటి ఆపరేషన్లకు మీ రెండు ప్రభుత్వాలూ డబ్బు చెల్లిస్తున్నాయి. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ పేదవాడికి కార్పొరేట్ ఆసుపత్రి తలుపు తెరిచింది. 2023 డిసెంబరులో తెలంగాణ ఆ పథకం పరిమితిని 10 లక్షలకు పెంచింది. అదే నెలలో ఆంధ్రప్రదేశ్ 25 లక్షలకు పెంచింది; అక్కడ పథకానికి ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ అని పేరు. కాబట్టి డబ్బు లేదన్నది ఈ లేఖలో ఫిర్యాదు కాదు. ఆ డబ్బు దేనికి చెల్లిస్తున్నాం అన్నదే ప్రశ్న. ఈ లోతు గడ్డల విషయంలో ఎంత తీయాలి, ఎంత వదలాలి, ఎవరిని అసలు ముట్టుకోకూడదు అన్న నిర్ణయమే చికిత్సలో సగం. ఆ నిర్ణయం ఫలితం పది పదిహేనేళ్ల పాటు మనిషి వెంట నడుస్తుంది. పథకం చెల్లించే ప్యాకేజీ లెక్క మాత్రం ఆసుపత్రిలో చేరిన రోజు మొదలై డిశ్చార్జితో దాదాపు ముగుస్తుంది. ఈ లెక్కను మార్చండి అని అడగడానికే ఇంత పెద్ద లేఖ.

ముందు ఈ గడ్డ ఉండే చోటు చూడండి. మెదడుకు మూడు పొరలు. పుర్రె ఎముకను అంటిపెట్టుకుని ఉండే గట్టి పొర డ్యూరా, దాని కింద పలుచని అరాక్నాయిడ్, మెదడును హత్తుకుని ఉండేది పియా. మెనింజియోమా అరాక్నాయిడ్ కణాల నుంచి పుట్టి డ్యూరాను పట్టుకుని పెరుగుతుంది. అది నెత్తిమీద, పుర్రె పైకప్పు కింద పెరిగితే అనుభవమున్న న్యూరోసర్జన్ ఎముక తెరిచి, గడ్డనూ అది అంటుకున్న పొరనూ కలిపి తీసేయగలరు. అదే గడ్డ చెవి లోపలి గట్టి ఎముక కొస, పుర్రె నడిమి ఎముకను కలిసే చోట పుట్టిందనుకోండి. దాని పక్కనే ఊపిరినీ స్పృహనూ నడిపే మెదడు కాండం ఉంటుంది, ఆ కాండం మీదుగా బేసిలార్ ధమని పోతుంది. కన్ను తిప్పే నరాలు, ముఖానికి స్పర్శనిచ్చే నరం, ముఖాన్ని కదిలించే నరం, వినికిడి నరం, మింగుడును నడిపే నరాలు అన్నీ ఆ ఇరుకులోంచే బయటికి వస్తాయి. గడ్డ ఏళ్ల తరబడి పెరిగి బయటపడే నాటికి ఆ నరాలు దాని మీద తడిసిన నూలుపోగుల్లా సాగిపోయి ఉంటాయి. సర్జన్ చెవి చుట్టూ ఉన్న ఎముకను డ్రిల్లుతో కొద్దికొద్దిగా తొలిచి దారి చేసుకుంటారు. మెదడును పక్కకు నొక్కకుండా ఉండటానికే ఆ శ్రమంతా. గడ్డకు రక్తం తెచ్చే నాళాలను మూసి, లోపలి భాగాన్ని అల్ట్రాసౌండ్ పరికరంతో పొడి చేసి పీల్చేసి, బోలుగా మిగిలిన గోడను మైక్రోస్కోపు కింద ఒక్కో నరం నుంచి విడదీస్తారు. ఒక్కోసారి పన్నెండు గంటలు దాటుతుంది. అరాక్నాయిడ్ పొర చెదరకుండా ఉంటే గడ్డకూ మెదడు కాండానికీ మధ్య కాస్త సందు దొరుకుతుంది. ఆ పొర చెదిరి గడ్డ మెదడు కాండాన్నే పట్టేస్తే, ఆఖరి ముక్కను లాగినప్పుడు దాంతోపాటు కాండానికి రక్తం తీసుకెళ్లే సన్నని కొమ్మలు కూడా తెగిపోవచ్చు. సర్జన్ చేయి ఆగాల్సిన చోటు అదే.

ఈ గడ్డలు తమ ఉనికిని చెప్పే తీరు కూడా మోసపూరితమే. చూపు నరాల దగ్గర పెరిగే గడ్డ ఒక కంటి చూపును నెలల తరబడి తగ్గిస్తుంది. కళ్లజోడు మార్చుకుంటూ, శుక్లం అనుకుంటూ కాలం గడిచిపోతుంది. ముఖ స్పర్శ నరాన్ని నొక్కే గడ్డ పంటి నొప్పిగా కనిపిస్తుంది, మంచి పన్ను ఊడబీకించుకున్నవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. నుదుటి వెనక, ముక్కు పైభాగాన పెరిగేది వాసన పోగొట్టి, మనిషి స్వభావాన్నే మార్చేస్తుంది. ఇంట్లోవాళ్లు వయసు మీద పడిందనో దిగులు పట్టుకుందనో సరిపెట్టుకుంటారు. అందుకే వీటిలో చాలావరకు పెద్దవయ్యాకే ఎంఆర్‌ఐ బల్ల మీదికి చేరతాయి. జిల్లా స్థాయి కంటి వైద్యులకు, పంటి వైద్యులకు, సైకియాట్రిస్టులకు ఈ సంగతులు మళ్లీ మళ్లీ గుర్తుచేస్తే చాలామంది చూపు దక్కుతుంది. ఇది వేరే లేఖకు తగిన విషయం కాబట్టి ఇక్కడ ఇంతకన్నా సాగదీయను.

ఈ శస్త్రచికిత్స చరిత్రే నా వాదనకు మొదటి సాక్ష్యం. ఈ గడ్డలకు 1922లో మెనింజియోమా అని పేరు పెట్టిన హార్వీ కుషింగ్ ఆధునిక న్యూరోసర్జరీకి ఆద్యుల్లో ఒకరు. 1910లో ఆయన లెనర్డ్ వుడ్ అనే అమెరికా సైన్యాధికారి తలలోంచి ఇలాంటి గడ్డను తీశారు. అప్పటి పరిస్థితుల్లో అది గొప్ప విజయం. వుడ్ కోలుకుని అమెరికా సైన్యానికి అధిపతిగా, తర్వాత ఫిలిప్పీన్స్ గవర్నర్ జనరల్‌గా పనిచేశారు. గడ్డ తిరిగి పెరిగింది. 1927లో కుషింగే మళ్లీ ఆపరేషన్ చేశారు, ఆ తర్వాత కొన్ని గంటల్లోనే వుడ్ కన్నుమూశారు. రెండు ఆపరేషన్లకూ మధ్య పదిహేడేళ్లు. అదీ నెత్తి భాగాన ఉన్న గడ్డ, ప్రపంచంలోకెల్లా మేటి సర్జన్ చేతిలో. లోతు గడ్డల సంగతి ఇంకా ఘోరంగా ఉండేది. మెదడు కాండం పక్కన పెరిగే గడ్డలకు 1970కి ముందు ఆపరేషన్ చేసిన వాళ్లలో సగానికి పైగా చనిపోయారు. మైక్రోస్కోపు, సీటీ స్కాన్, ఎంఆర్‌ఐ, మెరుగైన మత్తు వైద్యం, ఎముకను తొలిచి చేరుకునే కొత్త దారులు వచ్చాక పేరున్న కేంద్రాల్లో ఆ మరణాలు నూటికి కొద్దిమందికి తగ్గాయి. చావు తప్పడం సాధ్యమయ్యాక ప్రశ్న మారింది. బతికిన మనిషి ఏ స్థితిలో బతుకుతున్నాడు అన్నది ముందుకొచ్చింది.

ఇక్కడే నా వాదనకు బలమైన అభ్యంతరం ఎదురవుతుంది, దాన్ని తప్పించుకోవాలని నాకు లేదు. 1957లో డొనాల్డ్ సింప్సన్ అనే సర్జన్ ఎంత తీస్తే ఎంతమందిలో గడ్డ తిరిగొచ్చిందో లెక్కగట్టి చూపారు. గడ్డతో పాటు అది అంటుకున్న పొరనూ, పాడైన ఎముకనూ తీసేసిన వాళ్లలో సుమారు 9 శాతం. గడ్డ తీసి పొరను కాల్చి వదిలిన వాళ్లలో 19. పొరను అలాగే ఉంచిన వాళ్లలో 29. గడ్డలోనే కొంత మిగిల్చిన వాళ్లలో 44. న్యూరోసర్జరీ చదివే ప్రతి విద్యార్థికీ ఈ వరస కంఠతా వస్తుంది. మరి మొత్తం తీసేయడమే ధర్మం కదా, కొంత వదిలేయమనడం రోగికి అన్యాయం కాదా అని అడగవచ్చు. పైపైన ఉండే గడ్డలకు ఆ ధర్మం ఇప్పటికీ చెల్లుతుంది. కానీ సింప్సన్ లెక్క సీటీ స్కాన్ పుట్టకముందుది. మొదటి రోగికి సీటీ తీసింది 1971లో. అప్పటి ఆపరేషన్లు మైక్రోస్కోపు లేకుండా చేసినవి. తల పైభాగాన ఉన్న గడ్డలూ అడుగున ఉన్నవీ ఆ లెక్కలో కలిసే ఉన్నాయి. మిగిలిన ముక్కను నమ్మకంగా అదుపులో పెట్టే సాధనం ఆనాడు సర్జన్ చేతిలో మరేదీ లేదు. అందువల్ల ఆ అంకెలు మిగిలిన ముక్కను ఏళ్ల తరబడి కనిపెట్టి ఉండాలని చెబుతాయే తప్ప, నరాలు తెగినా ఫరవాలేదని చెప్పవు.

ఈ పాఠం నేర్చుకోవడానికి ప్రపంచానికి ఒక తరం పట్టింది. కంటి వెనక, మెదడుకు రక్తం తీసుకెళ్లే కరోటిడ్ ధమని చుట్టూ ఉండే కావర్నస్ సైనస్ అనే అర ఒకప్పుడు సర్జన్లకు నిషిద్ధ ప్రదేశం. 1980ల్లో ల్యుబ్ల్యానాలో వింకో డోలెంక్, పిట్స్‌బర్గ్‌లో భారత సంతతికి చెందిన లాలిగం శేఖర్ వంటివారు అందులోకి సురక్షితంగా వెళ్లిరావచ్చని చూపించారు. వాళ్ల నైపుణ్యం ఎందరికో దారి చూపింది. ఆ ఉత్సాహంలో అక్కడి మెనింజియోమాలను పూర్తిగా తీసే ప్రయత్నాలు చాలాచోట్ల జరిగాయి. ఫలితాలు చేతికొచ్చేసరికి తేలిందేమిటంటే, ఆ గడ్డ నరాల లోపలికీ ధమని గోడలోకీ చొచ్చుకుపోతుంది. పూర్తిగా తీయాలన్న పట్టుదలకు చాలామంది కంటి కదలికను మూల్యంగా చెల్లించారు, ఒక వస్తువు రెండుగా కనబడే బతుకు వాళ్లకు మిగిలింది. అంత చేసినా కొందరిలో గడ్డ తిరిగొచ్చింది. అందుకే నేడు అనుభవమున్న కేంద్రాల్లో చాలామంది సర్జన్లు చూపు నరం మీద, మెదడు కాండం మీద ఒత్తిడి తగ్గేంత వరకు తీసి, కావర్నస్ సైనస్ లోపలి భాగాన్ని కావాలనే వదిలేస్తున్నారు. వదిలిన దానికి రేడియోసర్జరీ ఉంది. స్వీడన్ సర్జన్ లార్స్ లెక్సెల్ 1951లో ప్రతిపాదించిన ఈ పద్ధతిలో సన్నని రేడియేషన్ కిరణాలను నలువైపుల నుంచీ గడ్డ మీదనే కేంద్రీకరిస్తారు. గడ్డ మాయమైపోదు, ఎదుగుదల ఆగుతుంది. మూడు సెంటీమీటర్ల లోపు ఉన్న ఒకటో గ్రేడు (క్యాన్సర్ కాని) గడ్డల్లో అయిదేళ్ల తర్వాత కూడా నూటికి తొంభైకి పైగా అదుపులోనే ఉంటున్నాయని ఎన్నో కేంద్రాలు చూపాయి. ఢిల్లీ ఎయిమ్స్‌లో 1997 నుంచే ఈ చికిత్స చేసే గామా నైఫ్ యంత్రం ఉంది, అంటే ఇది మన దేశానికి కొత్త వైద్యమేమీ కాదు. దీనికీ హద్దులున్నాయి. పెద్ద గడ్డకు పనికిరాదు, చూపు నరాన్ని అంటుకుని ఉన్నదానికి ప్రమాదం, మెదడు కాండాన్ని నొక్కుతున్న గడ్డకు ముందు కత్తి తప్పదు. కత్తినీ కిరణాన్నీ ఎంతెంత పాళ్లలో కలపాలో తెలిసినవాళ్లు ఒకే బల్ల చుట్టూ కూర్చుంటేనే రోగికి సరైన సలహా అందుతుంది.

కొందరి విషయంలో సరైన సలహా ఆపరేషన్ వద్దనడమే. 2007లో ప్రచురితమైన అధ్యయనం ప్రకారం నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో 2,000 మంది సాధారణ పౌరుల మెదడును ఎంఆర్‌ఐతో చూస్తే 0.9 శాతం మందిలో, అంటే నూటికి దాదాపు ఒకరిలో మెనింజియోమా కనిపించింది. తలనొప్పికో కళ్లు తిరగడానికో స్కానింగ్ చేయించుకుంటే యాదృచ్ఛికంగా బయటపడే చిన్న గడ్డల్లో చాలావాటికి ఏడాదికోసారి చూస్తుండటమే చికిత్స. కొందరిలో మందుల చరిత్ర కూడా లెక్కలోకి వస్తుంది. సైప్రోటెరోన్ అనే హార్మోన్ మందు ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడిన వాళ్లలో ఈ గడ్డలు పెరుగుతాయనీ, మందు ఆపితే వాటిలో కొన్ని కుంచించుకుపోతాయనీ తేలడంతో ఐరోపా ఔషధ సంస్థ 2020లో దాని వాడకాన్ని పరిమితం చేసింది. మెడ్రాక్సీప్రొజెస్టెరాన్ ఇంజెక్షన్లను ఏడాదికి మించి తీసుకున్న వాళ్లలో ఆపరేషన్ దాకా వచ్చే మెనింజియోమాల ముప్పు దాదాపు అయిదున్నర రెట్లు ఉందని 2024లో ఫ్రాన్స్ జాతీయ గణాంకాలతో వచ్చిన అధ్యయనం చెప్పింది. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో 2017 నుంచి అంతర పేరుతో ఇస్తున్న గర్భనిరోధక ఇంజెక్షన్ ఇదే. దీన్ని చూసి ఎవరూ భయపడాల్సిన పనిలేదు, గడ్డ లేనివాళ్లు ఇంజెక్షన్ మానేయాల్సిన పనీ లేదు. విడిగా చూస్తే ఈ గడ్డ వచ్చే అవకాశం చాలా చాలా తక్కువ, అవాంఛిత గర్భం తెచ్చే ప్రమాదాలు అంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. కానీ గడ్డ బయటపడిన స్త్రీని ఏ హార్మోన్ మందులు వాడావమ్మా అని అడగడం ఆపరేషన్‌కు ముందు జరగాల్సిన పని. ఆపరేషన్ జరిగితేనే డబ్బు వచ్చే పద్ధతిలో, ఆగి చూద్దాం అన్న సలహాకు ఆసుపత్రి పుస్తకాల్లో విలువ సున్నా. వైద్యుల నిజాయతీని నేను శంకించడం లేదు. నిజాయతీగల వైద్యుడికి కూడా పథకం ఎదురుగా నిలబడకూడదు అంటున్నాను.

అందుకే మొదటి కోరిక. పుర్రె అడుగున పెరిగే మెనింజియోమాల ఆపరేషన్లను ప్రతి నెట్‌వర్క్ ఆసుపత్రికీ తెరిచి ఉంచకుండా, రాష్ట్రానికి రెండు మూడు కేంద్రాలకు పరిమితం చేయండి. 1988 నుంచి 2000 దాకా అమెరికాలో జరిగిన మెనింజియోమా ఆపరేషన్లను పరిశీలించి 2005లో ప్రచురించిన అధ్యయనం, ఎక్కువ ఆపరేషన్లు చేసే ఆసుపత్రుల్లో మరణాలు తక్కువనీ, రోగులు మెరుగైన స్థితిలో ఇంటికి వెళ్తున్నారనీ చూపింది. చేయి ఒక్కటే కారణం కాదు. నరాలను యంత్రంతో కనిపెట్టే నిపుణులు, పన్నెండు గంటల మత్తును మోయగల బృందం, చెవి ఎముక తొలవడంలో చేయి తిరిగిన ఇఎన్‌టి సర్జన్, రాత్రి రెండింటికి రక్తస్రావాన్ని పసిగట్టే నర్సు, వీళ్లంతా వారం వారం కలిసి పనిచేస్తేనే అక్కరకొస్తారు. హైదరాబాద్ నిమ్స్, తిరుపతి స్విమ్స్, విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి వంటి ప్రభుత్వ సంస్థలను ఈ పనికి సిద్ధం చేయవచ్చు. విశాఖలో 1950ల్లోనే న్యూరోసర్జరీ విభాగం పుట్టిందన్న సంగతి మన ప్రాంతానికి గర్వకారణం. కొన్ని చికిత్సలను ప్రభుత్వ ఆసుపత్రులకే కేటాయించిన అనుభవం ఆరోగ్యశ్రీకి ఉంది కాబట్టి, ఏ పని ఎక్కడ జరగాలో నిర్ణయించే అధికారం పథకాన్ని నడిపే ట్రస్టుకు కొత్తగా కట్టబెట్టాల్సిన అవసరం లేదు.

దూరం పెరుగుతుంది కదా అంటారు. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ 300 కిలోమీటర్లు. నిజమే, పేద కుటుంబానికి అది చిన్న దూరం కాదు. కానీ మన జనం ఇప్పటికే నడిచిన దారి చూడండి. జేకబ్ చాందీ 1949లో వేలూరు సీఎంసీలో దేశంలోనే తొలి న్యూరోసర్జరీ విభాగం ప్రారంభించారు. నాటి నుంచి నేటిదాకా తెలుగు కుటుంబాలు ఫైళ్లు చంకన పెట్టుకుని కాట్పాడి స్టేషన్‌లో దిగుతూనే ఉన్నాయి. ఎక్కడికి వెళ్తే మంచిదో ఊళ్లో ఎవరో చెబితే విని వెళ్లే ప్రయాణం కన్నా, ప్రభుత్వమే చీటీ రాసి, తోడు వచ్చేవాళ్లకు బస ఏర్పాటు చేసి పంపే ప్రయాణం మేలు కాదా? పైగా ఈ గడ్డలు నెమ్మదిగా పెరిగేవి. రెండు మూడు వారాల ఆలస్యం చాలామందికి నష్టం చేయదు. మెదడులో నీరు చేరి మనిషి మగతలోకి జారుతున్నప్పుడు మాత్రం గంటలు ముఖ్యం. ఆ నీటిని బయటికి తీసే చిన్న ఆపరేషన్ దగ్గర్లోని న్యూరోసర్జన్ చేయగలరు, చేయాలి కూడా. గడ్డ జోలికి వెళ్లకుండా ప్రాణం నిలబెట్టి, తర్వాత పంపవచ్చు. ఇక సలహా కోసం రోగి కదలాల్సిన పనే లేదు. 2012లో ఏర్పడిన నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ వేర్వేరు ఊళ్లలోని వైద్యులను తెర మీద కలిపి కష్టమైన కేసులు చర్చించే పద్ధతిని దేశంలో నడిపిస్తోంది. శ్రీకాకుళంలో తీసిన ఎంఆర్‌ఐ విశాఖలోనో తిరుపతిలోనో బల్ల మీదికి రావడానికి నిమిషాలు చాలు. జిల్లా న్యూరోసర్జన్లు పని కోల్పోతారన్న భయం కూడా నిలబడదు. రోడ్డు ప్రమాదాల తల దెబ్బలు, మెదడు రక్తస్రావాలు, వెన్నెముక ఆపరేషన్లు, తల పైభాగాన పెరిగే గడ్డలు వాళ్ల చేతుల్లోనే ఉంటాయి. తాము పంపిన రోగి ఆపరేషన్‌లో తామూ పాల్గొని నేర్చుకునే హక్కు వాళ్లకు ఉండాలి, ఆ నిబంధన రాతలో ఉండాలి.

రెండో కోరిక డబ్బు గురించి. గడ్డ ఉన్న చోటును బట్టి ఆపరేషన్‌కు వేర్వేరు రేట్లు పెట్టడం అవసరమే, కానీ అంతటితో ఆగకండి. ఆపరేషన్‌కు ముందు నిపుణుల చర్చకు, ఆగి చూద్దాం అన్న సలహాకు, రెండు విడతల ఆపరేషన్‌కు, మిగిలిన ముక్కకు రేడియోసర్జరీకి, కనీసం పదేళ్ల ఎంఆర్‌ఐలకు కలిపి ఒకే రోగి పేరున ఒకే ఖాతా తెరవండి. కొన్ని జబ్బులకు ఫాలో-అప్ ప్యాకేజీలు పథకంలో ఉన్నాయి, వాటి నమూనాను విస్తరించవచ్చు. బ్రిటన్‌లో 2018లో ఆరోగ్య ప్రమాణాల సంస్థ నైస్ ఇచ్చిన మార్గదర్శకాలు మెనింజియోమా ఆపరేషన్ తర్వాత ఏ ఏడు ఏ స్కాన్ తీయాలో పట్టిక వేసి మరీ చెబుతున్నాయి. ఖర్చు పెరుగుతుందన్న అభ్యంతరం సహజం. ఎంఆర్‌ఐ తీయించుకోలేక ఫాలో-అప్ మానేసిన రోగి, గడ్డ మళ్లీ నారింజకాయంత అయ్యాక వచ్చి చేయించుకునే రెండో ఆపరేషన్ ఖర్చు ఎవరు కడతారు? అదే పథకం కడుతుంది, మొదటిసారి కన్నా ప్రమాదకరమైన ఆపరేషన్‌కు. మొదటి ఆపరేషన్ వల్ల మచ్చపడిన కణజాలంలో నరాలను వెతికి విడదీయడం ఎంత కష్టమో సర్జన్లను అడగండి.

ఆ ఖాతాలో ముఖం, కన్ను, మింగుడు కూడా చేరాలి. ఈ ఆపరేషన్ల తర్వాత కొందరికి ఒకవైపు ముఖ నరం బలహీనపడి కన్ను మూతపడదు. అదే వైపు స్పర్శ నరం కూడా దెబ్బతింటే కంట్లో నలక పడ్డా తెలియదు. పొలంలో దుమ్ములో పనిచేసే మనిషికి కొన్ని వారాల్లో నల్లగుడ్డు పుండుపడి చూపు పోతుంది. అంత పెద్ద ఆపరేషన్ గెలిచిన కుటుంబం, రెప్పకు వేయాల్సిన ఒక కుట్టు వేళకు పడక కన్ను పోగొట్టుకోవడం మనం సహించకూడని విషయం. కార్నియా వైద్యంలో ప్రపంచం గుర్తించిన ఎల్‌వి ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1987 నుంచి హైదరాబాద్‌లోనే ఉంది, దాని కేంద్రాలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. డిశ్చార్జి కాగితంలోనే అలాంటి చోటికి రెఫరల్ ఉండాలి. మింగుడు నరాలు నీరసించిన వాళ్లకు అన్నం ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది; మింగడం మళ్లీ నేర్పే థెరపిస్టు లేకపోతే ముక్కు గొట్టంతో ఇంటికి పంపిన మనిషి నెల తిరక్కుండా ఐసీయూలో తేలతాడు. కోలుకునే కాలానికి రోజుకు 225 రూపాయల చొప్పున ఇచ్చే ఆరోగ్య ఆసరాను ఆంధ్రప్రదేశ్ 2019లో తెచ్చింది. ఆపరేషన్ అయ్యాక కూడా రోగి బాధ్యత ప్రభుత్వానిదేనన్న ఆలోచన ఆ సహాయంలో ఉంది. పార్టీలతో పనిలేకుండా ఆ ఆలోచనను రెండు రాష్ట్రాలూ పట్టుకోవాలి.

మూడోది, ఆసుపత్రులకు అంతగా రుచించనిది: ఫలితాలను ఆసుపత్రుల వారీగా ప్రచురించండి. ఎన్ని ఆపరేషన్లు చేశారన్న అంకె ఒక్కటే ఇచ్చి ఊరుకోవద్దు. ఇలా చేస్తే కష్టమైన రోగులను చేర్చుకోవడానికే జంకుతారన్న వాదనలో నిజం ఉంది. న్యూయార్క్ రాష్ట్రం గుండె బైపాస్ ఆపరేషన్ల మరణాల రేటును 1990ల ఆరంభం నుంచి ప్రచురిస్తోంది, అక్కడా ఇదే భయం వ్యక్తమైంది. ప్రచురణ మానేయలేదు, రోగి వయసు, జబ్బు తీవ్రత లెక్కలోకి తీసుకుని అంకెలను సవరించే పద్ధతిని వాడారు. అక్కడ బైపాస్ మరణాలు తగ్గాయి. మన దగ్గర గడ్డ సైజు, చోటు, మెదడు కాండంలో వాపు ఉందా లేదా, ఆపరేషన్‌కు ముందు ఏ నరాలు దెబ్బతిని ఉన్నాయి అన్న నాలుగు సంగతులు నమోదు చేస్తే చాలావరకు న్యాయమైన పోలిక కుదురుతుంది. మొదటి కొన్నేళ్లు సర్జన్ల పేర్లు బయటపెట్టకుండా ఆసుపత్రి స్థాయిలో ఆగవచ్చు. అయితే కొంత గడ్డ వదిలేసిన ఆసుపత్రిని విఫలమైనదిగా చూపించే కొలమానం మాత్రం పెట్టవద్దు. అలా పెడితే మరుసటి ఏడాది నుంచే నరాలు తెగడం మొదలవుతుంది.

జ్వరాలకే మందులు చాలని చోట, క్షయ, కిడ్నీ జబ్బులు జనాన్ని పీల్చేస్తున్న చోట కొద్దిమందికి వచ్చే గడ్డ మీద ఇంత శ్రద్ధ ఎందుకని మీ అధికారులు అడగవచ్చు. పల్లె ఆసుపత్రిలో మందులు ఉండాలన్న వాదనతో నాకు ఏ పేచీ లేదు. ఇక్కడ అడుగుతున్నది ప్రధానంగా కొత్త డబ్బు కాదు. ఇప్పటికే ఖర్చవుతున్న డబ్బును ఒక పద్ధతిలోకి తేవడం. ఈ రోగుల్లో ఎక్కువమంది నలభై, యాభై, అరవై ఏళ్ల స్త్రీలు. ఇంటినీ పొలాన్నీ పనినీ ఏకకాలంలో మోస్తున్నవాళ్లు. సరైన చికిత్స అందితే వీళ్లకు మామూలు ఆయుష్షు ఉంటుంది. క్యాన్సర్ కాని జబ్బుతో, డబ్బు చెల్లించిన తర్వాత కూడా, వీళ్లలో ఒకరు చూపో మాటో పోగొట్టుకుంటే ఆ నష్టాన్ని ఇరవై ముప్పై ఏళ్లు భరించాల్సింది ఆ ఇల్లే.

ప్యాకేజీల తర్వాతి సవరణ కోసం మీరు వేసే కమిటీలో న్యూరోసర్జన్‌తో పాటు ఒక రేడియేషన్ నిపుణుడిని, ఒక కంటి వైద్యుడిని, ఒక ఫిజియోథెరపిస్టును, ఈ ఆపరేషన్ చేయించుకున్న ఒక రోగిని కూర్చోబెట్టండి. ఆ కమిటీ నివేదిక వచ్చేలోగానే మొదలుపెట్టగలిగిన పని ఒకటుంది. ఈ ఆపరేషన్ జరిగిన ప్రతి రోగికీ ఏడాది తిరిగాక ఆసుపత్రి నుంచి పథకం ప్రతినిధి ఆరోగ్యమిత్ర ఫోన్ చేసి, కన్ను మూతపడుతోందా, వస్తువులు రెండుగా కనబడుతున్నాయా, అన్నం నోటితో తినగలుగుతున్నారా, మునుపటి పనికి తిరిగి వెళ్లారా అని అడిగి, ఆ జవాబులను ఏ ఆసుపత్రిలో ఆపరేషన్ జరిగిందో దాని పేరు ఎదురుగా ట్రస్టు దగ్గర నమోదు చేయించండి.

ఇట్లు,
ప్రజారోగ్యం గురించి రాసే ఒక పౌరుడు